రానివాళ్ల సంతకం

నిప్పు కనిపెట్టినవాడు గొప్పవాడే, కాదనం. చక్రం చేసినవాడికీ ఒక నమస్కారం. అయితే, ఒక చోటికి రాని మనిషి స్వయంగా "నేను రాలేదు" అని సంతకం పెట్టేదాకా అతను రానట్టు కాదని మొట్టమొదట ఆలోచించిన మహానుభావుడి ముందు వాళ్లిద్దరూ బలాదూర్. ఆ మహానుభావుడెవరో చరిత్ర నమోదు చేయలేదు. (చేద్దామనుకున్నారట. ఆయన సంతకానికి రాలేదు.) ఆయన మేధస్సు ఫలాలను పుష్కలంగా అనుభవించిన ఒకామె కథ ఇది.

ఆమె ఒక కళ్లజోళ్ల దుకాణంలో, వెనక గదిలో పనిచేస్తుంది. డాక్టరు చీటీ చూసి, గుండ్రటి అద్దపు బిళ్లను ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు నున్నగా చేసి బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకి తలనొప్పి. పదకొండేళ్లలో ఆమె బిగించిన అద్దాలతో ఒక్కరికీ తలనొప్పి రాలేదని యజమాని అందరికీ చెబుతుంటాడు. (ఆమె సొంత తలనొప్పి ఇందులో కలపలేదు.)

ఆమెకు ఐదేళ్ల కూతురు. పుట్టినప్పుడు ఆకుపచ్చ ఉన్నిగుడ్డలో చుట్టి చేతికిస్తే, అమ్మమ్మ చూసి "బఠాణీ గింజలా ఉందే!" అంది. ఆ పేరే ఖాయమైపోయింది. అసలు పేరు బడి రిజిస్టరులోనూ కోర్టు కాగితాల్లోనూ మాత్రం బతుకుతోంది.

విడాకులకు పెద్ద గొడవేమీ జరగలేదు. భర్తగారు ఇంట్లో ఉన్న రోజుల్లోనూ పెద్దగా ఉండేవాడు కాదు కాబట్టి, ఉన్న పరిస్థితిని కాగితం మీద రాసుకోవడమే అయింది. బఠాణీ తల్లి దగ్గరే ఉండాలన్నారు. ప్రతి శనివారం పది నుంచి పన్నెండు వరకు, ఫ్యామిలీ కోర్టు వెనక భవనంలోని బాలల భేటీ గదిలో "తండ్రి బిడ్డను కలుసుకోవచ్చును, తల్లి బిడ్డను తీసుకురావలెను" అని తీర్పులో రాశారు. వచ్చును ఆయనకి, వలెను ఈమెకి. తెలుగు వ్యాకరణంలో ఇంత ముఖ్యమైన తేడా ఉందని బళ్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈమె ఒక్క శనివారం తీసుకురాకపోతే కోర్టు ధిక్కారం. ఆయన రాకపోతే ఏమవుతుందో తీర్పులో లేదు. అలాంటిది జరుగుతుందని ఊహించడమే ఆయన్ను అవమానించినట్టని వకీలు వివరించాడు.

భేటీ గదులు ఒకప్పుడు పాత ఫైళ్ల కొట్లు. వరండా పొడవునా ఆరు. ఫైళ్లను మెట్ల కిందికి తోసి, తలుపులకు పసుపు రంగు వేసి, ఒక్కో తలుపు మీద ఒక్కో జంతువును గీయించారు. గీసినాయన అంతకుముందు కరెంటు స్తంభాలకు "అపాయం" బోర్డులు రాసేవాడట. బఠాణీకి కేటాయించిన గది మీది కుందేలు ముఖంలో ఆ గాంభీర్యం ఇంకా పోలేదు.

గదిలో మూడు కుర్చీలు: తండ్రికి పెద్దది, బిడ్డకు చిన్నది, పర్యవేక్షకురాలికి చేతులున్నది. తల్లి వరండాలో బల్ల మీద కూర్చోవాలి. గడప దాటకూడదు, నియమం నాలుగు. బొమ్మలు బీరువాలో ఉంటాయి. బీరువా తాళం బొమ్మల గుమాస్తా దగ్గర ఉంటుంది. బొమ్మల గుమాస్తాకు శనివారం సెలవు. భేటీలు శనివారం మాత్రమే. (అందుకే ఆ బొమ్మలు ఏళ్ల తరబడి కొత్తగా ఉన్నాయని తనిఖీ బృందం ప్రశంసించింది.)

బిడ్డను అప్పగించేటప్పుడు నింపే ఫారం గిడ్డంగుల శాఖ నుంచి అరువు తెచ్చింది. "స్వీకరించిన సరుకు స్థితి: బాగున్నది / పగిలినది / తడిసినది." మొదటి శనివారం వాన. అప్పగింతల గుమాస్తా బఠాణీని ఎగాదిగా చూసి, "తడిసినది" ఎదురుగా టిక్కు పెట్టాడు.

"ఆరాక మారుస్తారా అండీ?" అని అడిగింది తల్లి.

"ఒకసారి టిక్కు పడితే పడినట్టేనమ్మా" అన్నాడు గుమాస్తా. రికార్డు ప్రకారం బఠాణీ నేటికీ తడిగానే ఉంది.

మొదటి రెండు శనివారాలూ తండ్రి వచ్చాడు. మొదటిసారి బంతి తెచ్చాడు. బయటి బొమ్మలు బొమ్మల గుమాస్తా ద్వారానే లోపలికి రావాలి కాబట్టి బంతిని జప్తు చేశారు. రెండోసారి ఏమీ తేలేదు. నలభై నిమిషాలు ఫోన్ చూసుకుని, బఠాణీ తల నిమిరి వెళ్లాడు. మూడో శనివారం పదింపావు అయింది, పదిన్నర అయింది, పెద్ద కుర్చీ ఖాళీగానే ఉంది. పదకొండింటికి తల్లి గడప ఇవతల నిలబడి లోపలికి తల వంచింది.

"మేడమ్, ఆయన రాలేదు కదా. మేము వెళ్లొచ్చా?"

పర్యవేక్షకురాలు యాభై దాటిన మనిషి. చెడ్డావిడ కాదు. ముప్పై ఏళ్లు కాలమ్‌ల మధ్య బతికిన మనిషి, అంతే. "ఎలా వెళ్తారమ్మా? పన్నెండు దాకా ఆయన హక్కు."

"మనిషే రాలేదు కదండీ!"

"హక్కు వచ్చింది కదమ్మా. మనిషి రాకపోతే దాని తప్పా?"

"పోనీ, రాలేదని రాయండి."

"తప్పకుండా" అని పర్యవేక్షకురాలు రిజిస్టరు తిప్పి చూపించింది. గైర్హాజరు అనే కాలమ్ నిజంగానే ఉంది. దాని పక్కనే "గైర్హాజరైన వ్యక్తి సంతకం" అని మరొకటి. "ఆయన వచ్చి ఇక్కడ సంతకం పెట్టారంటే వెంటనే రాసేస్తాను. నాకేం అభ్యంతరం?"

"వచ్చి పెడితే వచ్చినట్టే కదా మేడమ్?"

"అప్పుడు హాజరులో పెడతారు. అదింకా మంచిదే కదా."

సంతకం వచ్చేదాకా ఆ గడిలో "రాక పెండింగు" అని రాయాలి, నియమం తొమ్మిది. పర్యవేక్షకురాలు గుండ్రటి అక్షరాలతో రాసింది. నాలుగో శనివారమూ రాసింది. ఐదోదీ, ఆరోదీ. బఠాణీ ప్రతివారం చిన్న కుర్చీలో కూర్చుని పెద్ద కుర్చీకేసి రెండు గంటలు చూసి వచ్చేది. మొదట్లో కాళ్లు ఊపేది. ఊపితే కుర్చీ కిర్రుమంటోందని, నివేదికలో "శబ్దం" అని రాయాల్సి వస్తుందని పర్యవేక్షకురాలు మెల్లగా చెప్పాక ఊపడం మానేసింది.

ఇంట్లో అమ్మమ్మకు ఈ ఏర్పాటు మింగుడుపడలేదు.

"పెళ్లికే గంట ఆలస్యంగా వచ్చాడే ఆ మనిషి. వీళ్ల కుందేలు గదికి వస్తాడా?"

"అమ్మా, బఠాణీ వింటోంది. దాని ముందు వాళ్ల నాన్న గురించి చెడుగా మాట్లాడకూడదు. నియమం పదకొండు."

"చెడేం మాట్లాడానే? ఉన్నమాట అన్నాను."

"ఉన్నమాటంటే చెడే అవుతోందనే కదా నియమం పెట్టారు" అంది కూతురు, అన్నం కలుపుతూ.

ఆమె ఫిర్యాదు రాసింది. మూడు నెలలకు శాఖ స్పందించింది. ఆమె ఒక్కతే కాదు, ఆ వరండా బల్ల మీద కూర్చునే తల్లులు చాలామంది రాశారని, అందువల్ల సమస్యను సమూలంగా పరిష్కరించామని తెలిపింది. పరిష్కారం పేరు "భేటీ మిత్ర". అది ఒక యాప్. తల్లి గదికి చేరగానే "తెచ్చాను" అని నొక్కాలి. తండ్రి "వచ్చాను" అని నొక్కాలి. నొక్కేదాకా తల్లి ఫోన్‌లో ఒక చిన్న బొమ్మమనిషి చేతులూపుకుంటూ నడుస్తుంటాడు, కింద "తండ్రిగారు దారిలో ఉన్నారు" అని వస్తుంది. తండ్రి యాప్ దింపుకోకపోయినా బొమ్మమనిషి నడుస్తాడు. (ఎవరినీ చిన్నబుచ్చకూడదన్నది యాప్ ఆశయం.) శనివారం దాటినా నడుస్తాడు. ఆపే మీట లేదు.

బఠాణీకి ఆ మనిషి బాగా నచ్చాడు. సోమవారం బడికి వెళ్తూ ఫోన్ తీసి చూసింది.

"అమ్మా, నాన్న ఇంకా నడుస్తున్నారా?"

తల్లి జడ అల్లుతోంది. నియమం పదకొండు ప్రకారం అవునన్నా తప్పు లేదు, కాదంటే తప్పు. "అలాగే ఉంది" అంది.

"ఎంత దూరం దారి?"

"చాలా దూరం."

"కాళ్లు నొప్పెట్టవా పాపం?"

తల్లి జడకు రబ్బరు వేసి, "బడికి టైమైంది, పద" అంది.

ఇక దుకాణం సంగతి. కళ్లజోళ్ల కోసం జనం వచ్చేదే శనివారం. యజమాని మంచివాడే, కానీ మంచితనం కౌంటరు దగ్గర నిలబడి అద్దాలు బిగించలేదు కదా. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: చేత్తో చేయగల పనులు, అంటే అంచులు రుద్దడం, మరలు బిగించడం, వంగిన కాడలు సరిచేయడం వంటివి, ఆమె ఒక రేకు పెట్టెలో వేసుకుని కోర్టు వరండాకు తీసుకెళ్తుంది. అలా ఆమె బల్ల మీద కూర్చుని ఆకురాయితో అద్దాలు రుద్దుతుంటే, పక్కన ఉన్న తల్లులు ఒకరి తర్వాత ఒకరు తమ కళ్లజోళ్లు ఇచ్చి చూపించుకునేవారు. గుమాస్తా కూడా ఇచ్చాడు. ఒకరోజు పర్యవేక్షకురాలే గడప దగ్గరికి వచ్చింది.

"మీ ఎడమ అద్దం పక్కకి జరిగింది మేడమ్. అందుకే మీరు రాసేటప్పుడు తల వంచుతారు. మొదటి రోజే చూశాను" అంది తల్లి.

"చూసి, ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే పలుకుబడి వాడినట్టవుతుందేమోనని."

పర్యవేక్షకురాలు దీని మీద కాసేపు ఆలోచించింది. సరిగ్గా కనిపించడం ఉద్యోగి పొందే లాభం కిందికి రాదని నిర్ణయించుకుని కళ్లజోడు ఇచ్చింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. పెట్టుకుని గదిలోకి చూసింది. చిన్న కుర్చీలో బఠాణీ వెన్ను నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉంది. పర్యవేక్షకురాలు రిజిస్టరు తెరిచి, గళ్ల వెంట వేలు నడిపింది.

"దీనికి నా దగ్గర కాలమ్ లేదమ్మా" అంది చివరికి, ఎవరూ ఏమీ అడగకుండానే.

కాలమ్‌లు ఏమున్నాయో కూడా చెప్పుకోవాలి. ప్రతి పావుగంటకూ ఆవిడ ఐదు ప్రశ్నలకు జవాబు రాయాలి. వాగ్వాదం జరిగినదా? లేదు. తండ్రి గొంతు పెంచినాడా? లేదు. బిడ్డ ఏడ్చినదా? లేదు. తండ్రి సమయానికి ముందే నిష్క్రమించినాడా? లేదు. (రానివాడు ఎలా నిష్క్రమిస్తాడు?) బిడ్డ, తండ్రి పరస్పరం అయిష్టత చూపినారా? లేదు. ఒక్కో "లేదు"కీ మార్కులు. మార్కులు నెలకోసారి కూడతారు. ఏడో నెల మొదట్లో వరండాలో నోటీసు అంటించారు: "ఆదర్శ తండ్రులు, ఈ అర్ధసంవత్సరం." కేసు నంబర్లే తప్ప పేర్లు లేవు. వందకి తొంభై ఆరు మార్కులతో మొదటి స్థానంలో ఉన్న నంబరును ఆమె రెండుసార్లు చదివింది. తన సంచిలోని కాగితంతో పోల్చుకుని మూడోసారి చదివింది.

"రెండో ర్యాంకు మావారిదే" అంది బల్ల మీద పక్కన కూర్చునే మరో తల్లి, నర్సమ్మ. "మావారు ఒకసారి వచ్చారు. అక్కడే పోయాయి మార్కులు. వెళ్లేటప్పుడు మా వాడు ఏడ్చాడు."

రొట్టె విరిగి నేతిలో పడిందంటే అలా పడాలి. మొదటి ర్యాంకు సంగతి తండ్రిగారి వకీలుకు తెలిసింది. ఇంత చక్కగా సాగుతున్న బంధానికి రెండు గంటలు అన్యాయమని ఆయన అర్జీ వేశాడు. (తండ్రిగారికి ఆ సంగతి తెలుసో లేదో తెలియదు. వకీలుకు మాత్రం ఆయన ఫోన్ ఎత్తుతాడని అనుకోవాలి.) కోర్టు రికార్డు పరిశీలించింది, సంతోషించింది, భేటీ సమయాన్ని నాలుగు గంటలు చేసింది. ఇకమీదట పది నుంచి రెండు.

మొదటి నాలుగు గంటల శనివారం, ఇంటికి వచ్చే బస్సులో బఠాణీ కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత తల్లి చీర కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, నేను సరిగ్గా కూర్చోవట్లేదా?"

"ఏంటమ్మా?"

"కదలకుండా కూర్చుంటే నాన్న వస్తారేమో అని కూర్చున్నా. ఒక్కసారి ముక్కు గోక్కున్నా, అంతే. ఇప్పుడు ఇంకా ఎక్కువసేపు కూర్చోమంటున్నారు."

బళ్లో సరిగ్గా చదవనివాళ్లను ఎక్కువసేపు ఉంచుతారు. పిల్ల లెక్క ఎక్కడా తప్పలేదు. తల్లి ఆమెను ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు చాలా బాగా కూర్చున్నావు. అంత బాగా ఎవరూ కూర్చోలేరు. నాన్న రాకపోవడానికీ నీకూ ఏ సంబంధమూ లేదు. విన్నావా? ఏ సంబంధమూ లేదు."

నియమం పదకొండు ఉల్లంఘన జరిగిందా లేదా అన్నది న్యాయకోవిదులు తేల్చాలి.

మర్నాడు ఆమె వకీలు కోసం ఎదురుచూడకుండా తనే అర్జీ రాసుకుంది. నాలుగే వాక్యాలు. అద్దం అంచు రుద్దినట్టు రుద్ది రుద్ది రాసింది. విచారణ రోజు న్యాయమూర్తిగారి ముందు నిలబడింది. ఆయన ఓపికస్థుడే, ఆ పూటకు ఆయన ముందు నలభై కేసులు ఉన్నాయి.

"అమ్మా, రికార్డులో ఒక్క గైర్హాజరు కూడా లేదే?"

"ఆయన సంతకం పెట్టలేదండీ."

"ఎందుకు పెట్టలేదు?"

"రాలేదండీ."

"రాలేదని ఎక్కడుంది?"

"పెద్ద కుర్చీలో ఉందండీ. ముప్పై ఏడు వారాలుగా ఖాళీగా ఉంది. మా పాపని అడగండి, చెబుతుంది."

న్యాయమూర్తిగారు కలం కింద పెట్టారు. ఏదో అర్థమైనట్టే ఉంది. తర్వాత కలం ఎత్తి, "రాబోయే శనివారం తండ్రిని తప్పనిసరిగా రప్పించవలెను" అని రాశారు. ఆ కాగితాల మొత్తంలో తండ్రి పక్కన "వలెను" పడటం అదే మొదలు. ఆమెకు కళ్లు చెమర్చాయి.

అయితే ఆ "వలెను" కూడా రప్పించాల్సిన అధికారులకే గాని వచ్చేవాడికి కాదని భేటీల ఉపప్రధానాధికారి గుర్తించాడు. "కలుసుకోవచ్చును" అన్న మనిషిని బలవంతాన రప్పించే ఫారం ఆయన కార్యాలయంలో లేదు. రప్పించే ఫారాలన్నీ వెతికితే ఒక్కటే దొరికింది: సన్మాన ఆహ్వానం. ఆదర్శ తండ్రికి జ్ఞాపిక ప్రదానం, ఫొటో ఉంటుంది, తప్పక రాగలరు అని పంపించారు.

ఆ శనివారం ఆయన తొమ్మిదీ నలభైకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మీసం తీసేశాడు, కాస్త ఒళ్లు చేశాడు. వరండాలో ఆమెను చూసి తలూపాడు. ఆమె కూడా ఊపింది. ఆయన పసుపు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"బఠాణీ!" అన్నాడు చేతులు చాపి.

బఠాణీ కుర్చీలోంచి దిగి మర్యాదగా నిలబడింది. "మీరు ఎవరి నాన్నండీ?"

ఆయన నవ్వాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. ఆయన పెద్ద కుర్చీకేసి నడిచాడు.

"అందులో కూర్చోకూడదండీ, అది మా నాన్నది" అంది బఠాణీ. "ఆయన దారిలో ఉన్నారు. కావాలంటే మీరు నా కుర్చీలో కూర్చోండి. కాళ్లు ఊపకూడదు. బొమ్మలు శనివారం దొరకవు."

"నేనేనమ్మా మీ నాన్నని."

బఠాణీ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. బూట్ల దగ్గర ఆగింది. "నడిచి వచ్చారా?"

"కార్లో వచ్చాను."

"అయితే కాదు" అంది బఠాణీ జాలిగా. "మా నాన్న నడిచి వస్తున్నారు."

వరండాలో తల్లి చేతిలోని ఆకురాయి ఆగిపోయింది. ఈ క్షణం కోసం ఆమె ఎన్నోసార్లు ఎదురుచూసి ఉండొచ్చు. ఆయన ముఖం అలా పాలిపోవడం చూడాలని కొన్ని శనివారాలు గట్టిగానే కోరుకుంది కూడా. ఇప్పుడు చూస్తుంటే మాత్రం కూతురి చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియక గౌను అంచు నలపడమే కనిపించింది. ఆమె లేచింది. నియమం నాలుగు మీదుగా గడప దాటి లోపలికి వెళ్లి, పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆయనే నాన్న, బఠాణీ. మీసం తీసేశారు, అంతే. గొంతు విను. నీకు బంతి తెచ్చారు, గుర్తుందా? అది ఆ బీరువాలో ఉంది."

బఠాణీ బీరువా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసి, "ఓ" అంది. వెళ్లి ఆయన వేలు ఒకటి పట్టుకుంది. "ఇంత పెద్దదైపోయిందేంటి" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. ఆ ఒక్క నిమిషం ఆయన నిజంగానే అక్కడ ఉన్నాడు. ఫొటోగ్రాఫర్ వచ్చి "సార్, ఇటు" అనేదాకా.

జ్ఞాపిక ఇచ్చారు. ఫొటో తీశారు. ఇప్పుడైనా పని పూర్తిచేద్దామని పర్యవేక్షకురాలు రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "సార్, ఈ ముప్పై ఏడు చోట్ల గైర్హాజరు సంతకాలు పెట్టాలి."

"ఇదేంటి మేడమ్, నేను వచ్చాను కదా?"

"ఇవి రానప్పటివి సార్."

"రానప్పుడు నేనిక్కడ లేను. లేనిచోట సంతకం పెట్టానంటే దొంగ సంతకం అవ్వదూ?"

ఈ వాదనలో లోపం ఎవరికీ కనిపించలేదు. ఆయన ఆ రోజు గడిలో, హాజరు కింద, దర్జాగా సంతకం పెట్టాడు. అప్పుడు గుమాస్తా స్కేలు తీసుకుని, ఆ సంతకం దగ్గర్నుంచి పైకి ముప్పై ఏడు గళ్ల పొడవునా ఒక గీత గీసి, "పైవన్నీ కూడా" అని రాసి ముద్ర వేశాడు. ముప్పై ఏడు పెండింగులు ఒక్క దెబ్బకు తీరిపోయాయి. కార్యాలయంలో అంత పని ఒక్కరోజులో జరగడం అదే ప్రథమమని ఉపప్రధానాధికారి చప్పట్లు కొట్టాడు.

పదీ యాభైకి తండ్రిగారి ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం" అని వరండాలోకి వెళ్లాడు. జ్ఞాపికను చంకలో పెట్టుకుని వెళ్లాడు కాబట్టి ఆ నిమిషం పెద్దదని అందరికీ అర్థమైంది. రెండింటిదాకా ఆయన హక్కు ఉంది కనుక, బఠాణీ, తల్లి, పర్యవేక్షకురాలు ముగ్గురూ ఉన్నారు. కాసేపటికి పర్యవేక్షకురాలు లేచి, తన చేతుల కుర్చీని గడప దాకా జరిపి, తలుపు తెరిచి ఉంచింది. తల్లీకూతుళ్లు గడపకు చెరోపక్కనా కూర్చుని, ఒకరి చేతిలో ఒకరు చప్పట్లు చరుచుకుంటూ ఆడుకున్నారు. నియమాల్లో ఎక్కడా గడపకు చెరోపక్క అన్న మాట లేదు. ఆవిడ రెండుసార్లు చదివి చూసుకుంది.

ఆ నెల మార్కులు కూడితే తొంభై ఆరు కాస్తా నలభై ఒకటికి పడిపోయాయి. తండ్రి సమయానికి ముందే నిష్క్రమించినాడా? అవును. బిడ్డ అయిష్టత చూపినదా? అవును, "ఎవరి నాన్న" అని ప్రశ్నించినది. ముప్పై ఏడు వారాలు నిరాటంకంగా సాగిన బంధం తండ్రి రాకతో ఒక్కసారిగా ఎందుకు దెబ్బతిన్నదో శాఖ లోతుగా విచారించింది. బిడ్డకు తండ్రిని గుర్తుచేసే బాధ్యతలో తల్లి విఫలమైందని, పైగా నియమం నాలుగును ఉల్లంఘించి గదిలో ప్రవేశించిందని తేలింది. పర్యవేక్షకురాలు రిమార్కుల గడిలో "తల్లే పరిచయం చేసినది" అని రాసింది. గడి వేలెడంతే ఉండటం వల్ల "తల్లే" వరకే పట్టింది. అది నేరారోపణగా స్వీకరించబడింది.

తల్లికి ఉత్తరువు వచ్చింది. ఆరు ఆదివారాలు, "తండ్రి పట్ల సద్భావన పెంపొందించుట" అనే శిక్షణ తరగతికి హాజరు కావలెను.

"ఆదివారం కూడానా?" అంది అమ్మమ్మ. "మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టుంది. వెళ్లు, బఠాణీని నా దగ్గర వదిలెయ్."

"కుదరదమ్మా, చదువు" అని కూతురు కాగితం ఇచ్చింది.

అమ్మమ్మ దూరంగా పట్టుకుని చదివింది. తరగతి జరిగే గదిలోకి పిల్లలను తేరాదు. ఆ సమయంలో పిల్లలను అమ్మమ్మలతో సహా మూడో వ్యక్తుల వద్ద ఉంచరాదు. తండ్రుల వద్ద మాత్రమే వదిలి రావలెను.

అమ్మమ్మ కాగితం మడిచి ఇచ్చేసింది. నియమం పదకొండు తనకు వర్తించదని ఆవిడకు తెలుసు. అయినా మనవరాలు అక్కడే ఉంది కాబట్టి ఏమీ అనలేదు.

మొదటి ఆదివారం తరగతికి పంతొమ్మిది మంది తల్లులు వచ్చారు, ఇరవై నలుగురు పిల్లలతో. నర్సమ్మ కూడా కొడుకుతో వచ్చింది. పిల్లలు బల్లల కింద దూరి ఆడుకుంటున్నారు. బఠాణీ మొదటి ఐదు నిమిషాలు నిటారుగా కూర్చుంది, తర్వాత తనూ కిందికి దూరింది. శిక్షకుడు కళ్లజోడు సర్దుకుని, పిల్లలను తలతలా లెక్కపెట్టి, నివేదిక తీసి రాయడం మొదలుపెట్టాడు. నియమం ఉల్లంఘించిన తల్లులు: పంతొమ్మిది. నియమం ఉల్లంఘించిన తండ్రులు: ఎవరూ లేరు.